గల్లాబాన్: ఒక్క మాట దగ్గర ఆగిపోయిన క్యాస్ట్ సర్టిఫికెట్

పాలమూరులో నా పని పాత ఉర్దూ కాగితాలు చదివి తెలుగులో రాసివ్వడం. నిజాం కాలపు సేత్వార్లు (భూమి సర్వే రికార్డులు), అమ్మకం దస్తావేజులు, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్లు, ఎప్పుడో ఒకసారి నిఖానామా. వచ్చేవాళ్లలో ఎక్కువమంది భూమి పంచాయితీతోనే వస్తారు. కులం పంచాయితీతో వచ్చింది మాత్రం ఈ కుటుంబమే. జీవాలు కాసేవాళ్లకు మన రికార్డుల్లో ఎన్ని పేర్లున్నాయో, వాటిలో ఒకదాన్ని ఇంకోటిగా చదివితే ఏమవుతుందో ఈ ఫైలులో కళ్లారా చూడొచ్చు. అందుకే రాసిపెడుతున్నాను. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. ఊరు, మండలం, పేర్లు చెప్పడం లేదు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

కుటుంబం, కాగితం

కృష్ణకు ఇవతల, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరు. తాతల కాలం నుంచి గొర్రెల మీదే బతుకు. ఇప్పుడు మంద చిన్నదైపోయింది, పెద్ద కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. చిన్నమ్మాయి ఇంటర్ పాసై ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు సిద్ధమవుతోంది. దానికి క్యాస్ట్ సర్టిఫికెట్ కావాలి.

అన్నకు చాలా ఏళ్ల కిందట కురుమ, బీసీ-బి అని చేతిరాత సర్టిఫికెట్ వచ్చింది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు వీళ్ల ఊరు కొత్త మండలంలోకి పోయింది. కొత్త ఆఫీసులో అన్న ఫైలు లేదు, పాత ఆఫీసులో దొరకలేదు. ఆఫీసు బయట దరఖాస్తులు రాసే ఒకాయన, కాగితం ఎంత పాతదైతే అంత బలం అని సలహా ఇచ్చాడు. వీళ్ల దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది అమ్మాయి తాత చిన్నప్పుడు చేరిన బడి రిజిస్టరు పేజీ జిరాక్స్. 1350 ఫస్లీ నాటిది. ఫస్లీ అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం. ఫస్లీకి 590 కలిపితే 1940-41 అవుతుంది. దాన్ని ఉర్దూ వచ్చిన ఒక రిటైర్డు ఉద్యోగి చేత తెలుగులో రాయించి, దరఖాస్తుకు జత చేశారు.

ఆ తెలుగు కాగితంలో ఇలా ఉంది: 'కులం: గొల్ల.'

బలం అనుకున్న కాగితమే మెడకు చుట్టుకుంది. మన బీసీ జాబితాలో కురుమలు బి గ్రూపు, గొల్లలు డి గ్రూపు. సీట్లలో బికి 10 శాతం, డికి 7 శాతం. తాత గొల్ల అయితే మనవరాలు కురుమ ఎట్లా అయిందని ఆఫీసులో అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే. వాళ్లు కావాలని తిప్పారని నేననుకోను. ముందున్న కాగితాన్ని బట్టి అడిగారు.

తండ్రి నా దగ్గరికి వచ్చేసరికి బాగా టెన్షన్‌లో ఉన్నాడు. "సారూ, గొర్లు కాస్తిమి గానీ గొల్లోళ్లం గాదు. బీరప్పను మొక్కెటోళ్లం, గొంగళ్లు నేసినోళ్లం. ఇప్పుడేమో మీ తాతనే గొల్ల అని రాయించుకున్నడు అంటుండ్రు. ఆయనకు ఉర్దూ అక్షరం రాకపాయె, రాయించుకునేదెక్కడిది?"

నా దగ్గరికి రాకముందు చేసినవి

ముందు చేసిన ప్రయత్నాల్లో ఒకటి వివరంగా చెప్పుకోవాలి. చదువుకున్న బంధువు ఒకాయన తహసీల్దారుకు మంచి ఉద్దేశంతోనే పెద్ద ఉత్తరం రాశాడు. గొల్ల అన్నా కురుమ అన్నా గొర్రెల కాపరి అనే అర్థం, కాబట్టి రెండు కాగితాల మధ్య తేడా ఏమీ లేదు అని దాని సారాంశం.

ఆయన అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. మన దగ్గర 'గొల్లకురుమలు' అని రెండూ కలిపి ఒకే మాటలా అంటారు. 2017 జూన్‌లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు, ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ అని ఊరూరా చెప్పినప్పుడు కూడా ఆ జంట మాటే వినపడింది. సంఘాల్లో రెండు కులాల వాళ్లూ ఉన్నారు. పని ఒకటే కనుక పేరూ ఒకటే అనిపిస్తుంది.

పేర్ల పుట్టుక చూస్తే మాత్రం రెండు దారులు. గొల్ల అనే మాట సంస్కృతంలోని గోపాల నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందని పండితులు చెప్తారు. అంటే పేరులో ఉన్నది ఆవు. కన్నడంలో కురి అంటే గొర్రె, కురుబ అంటే గొర్రెల కాపరి. మన కురుమ దాని తోబుట్టువే. పేరులో ఆవున్న గొల్లలు పాలమూరు, నల్గొండ పల్లెల్లో తరతరాలుగా కాస్తున్నది గొర్రెల్నే. కాబట్టి పేరుకున్న పాత అర్థాన్ని పట్టుకుని ఇవాళ ఎవరు ఏం కాస్తున్నారో చెప్పలేం, ఎవరు ఏ కులమో అసలే చెప్పలేం. ఆ ఉత్తరం సరిగ్గా ఆ తప్పే చేసింది. ఆఫీసు వాళ్లు, "రెండూ ఒకటేనని మీరే అంటున్నారు కదా, అట్లయితే డి తీసుకోండి" అన్నారట. దానికి బదులేముంటుంది?

ఇంటిపేరు చూపించారు. అదే ఇంటిపేరు ఆ మండలంలో మూడు నాలుగు కులాల్లో ఉంది. కుల సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం పెట్టారు. దాన్ని ఎవరూ తిరస్కరించలేదు, లెక్కలోకీ తీసుకోలేదు.

జిరాక్స్ చూసి ఆగడం

తండ్రి అడిగింది ఒక్కటే. జిరాక్స్ చూసి ఇంకో తర్జుమా రాసి, స్టాంపు వేసి ఇవ్వమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒకే జిరాక్స్‌కు రెండు తర్జుమాలుంటే అధికారి ఏది నమ్మాలి? మొదటిది ముందే ఫైలులో ఉంది. రెండోది డబ్బులిచ్చి రాయించుకున్నట్టు కనిపిస్తుంది. అసలు రిజిస్టరు చూడనిదే ఒక్క అక్షరం రాయనని చెప్పాను.

అనుమానం మాత్రం జిరాక్స్ చూడగానే వచ్చింది. అందులో ఉన్నవి గాఫ్ (గ), లామ్ (ల), హే (హ), మూడే అక్షరాలు. ఉర్దూలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు, చదివేవాడే పూరించుకోవాలి. అయితే మన 'ఒ' శబ్దం ఉర్దూలో లేదు. అందుకే తెలుగు పేర్లు రాసేటప్పుడు నిజాం కాలపు గుమాస్తాలు ఒ ఉన్నచోట వావ్ అనే అక్షరం వేసేవాళ్లు. కొల్లాపూర్, కొత్తకోట అని వావ్ లేకుండా రాసిన కాగితం నా చేతికి ఎప్పుడూ రాలేదు. గొల్ల అని రాయదలిస్తే ఇక్కడా గాఫ్ పక్కన వావ్ పడాలి. పడలేదు.

ఇది ఆధారం అవుతుందా? కాదు. తొందరలో రాసే చేతులు ఏదైనా వదిలేస్తాయి. గాఫ్ మీద రెండో గీత మరిచిపోతే అది కాఫ్ అవుతుంది, నుక్తాలు, అంటే అక్షరాల చుక్కలు, ఎగిరిపోతాయి. కురుమ అనే మాటనే ఉర్దూలో రాస్తే కర్మ అనీ, కిర్మ అనీ చదవొచ్చు. ఒక్క అక్షరం లేదన్న వాదనతో ఆఫీసుకు పోతే, నేను అటు నిలబడి ఉన్నా ఒప్పుకోను.

రిజిస్టరు

బడి హెడ్‌మాస్టరు ఓపికమంతుడు. దరఖాస్తు పెట్టించుకుని, ట్రంకు పెట్టెలోంచి రిజిస్టరు తీయించి, తన ఎదుటే చూడమన్నాడు. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి, సిరా గోధుమ రంగుకు తిరిగింది. మనకు కావాల్సిన గడి పేజీ లోపలి అంచున, కుట్టు పక్కనే ఉంది.

జిరాక్స్‌లో ఎందుకు కనపడలేదో అక్కడ తెలిసింది. గుమాస్తా చోటు చాలక మాటను కుట్టు మడతలోకి రాసుకుంటూ పోయాడు. జిరాక్స్ మిషన్ మీద పుస్తకం బోర్లా పెట్టినప్పుడు ఆ మడత నల్లటి చారగా పడి, మాట తోక దాని కిందికి పోయింది. పేజీని మెల్లగా విప్పి సెల్‌ఫోన్ టార్చి పక్క నుంచి పట్టాను. లామ్ మీద చిన్న తష్దీద్ గుర్తు, అంటే లకారం ఒత్తు అని, సన్నగా కనిపించింది. హే తర్వాత, మడతలో, బే (బ), అలిఫ్ (ఆ), నూన్ (న). మొత్తం కలిపి చదివితే గల్లాబాన్.

ఇది ఫారసీ మాట. గల్లా అంటే మంద. బాన్ అంటే కాచేవాడు, చూసుకునేవాడు. తలుపు దగ్గర ఉండే దర్బాన్, తోట చూసే బాగ్‌బాన్ పేర్లలో ఉన్నది ఈ బానే. గల్లాబాన్ అంటే మంద కాసేవాడు, అంతే. దీనికీ మన గొల్లకూ చుట్టరికం లేదు. ఒకటి ఫారసీ మంద, ఇంకోటి సంస్కృతపు గోవు. రెండూ మనుషుల నోట్లో నలిగి దగ్గరగా వినపడుతున్నాయి, పైగా రెండూ జీవాల కాపరి ఇంటి ముందే వచ్చి నిలబడ్డాయి. ఉర్దూలో ఇంకో గల్లా కూడా ఉంది, అది ఘైన్‌తో రాస్తారు, ధాన్యం అని అర్థం. చెవికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి.

తర్వాత గడి పైన ఏం రాసి ఉందో చూశాను. శీర్షికలు ప్రతి పేజీకీ లేవు, రిజిస్టరు మొదట్లో ఒక్కచోట గీసి వదిలేశారు. పేరు, తండ్రి పేరు, మజ్హబ్, పేషా, నివాసం, చేరిన తేదీ. మజ్హబ్ అంటే మతం. ఆ గడిలో అందరికీ హిందూ అనో ముసల్మాన్ అనో ఉంది. పేషా అంటే వృత్తి. గల్లాబాన్ ఉన్నది పేషా గడిలో. కులానికి ఆ రిజిస్టరులో గడే లేదు. జిరాక్స్‌లో శీర్షికలు లేవు కనుక, మొదట తర్జుమా చేసిన ఆయన ఆ మాట కులమే అయి ఉంటుందనుకుని ముందు 'కులం' అని తనే చేర్చాడు.

ఇక్కడితో ఆగినా సరిపోయేదేమో. కానీ ఎదుటివాళ్లు, ఆ రోజుల్లో గొల్లలనే గల్లాబాన్ అని రాసేవాళ్లేమో కదా అంటే? న్యాయమైన ప్రశ్నే. అందుకని అదే చేతిరాత ఉన్న పేజీలన్నీ తిరగేశాను. పేషా గడిలో జిరాయత్ (సాగు), మజ్దూరీ (కూలి), నజ్జారీ (వడ్రంగం), తిజారత్ (వ్యాపారం), అక్కడక్కడ గల్లాబాన్. ఆ గల్లాబాన్లలో ఒక పిల్లవాడి పేరు, తండ్రి పేరు ముస్లింలవి, మజ్హబ్ గడిలో ముసల్మాన్ అని ఉంది. ఆ ఇంట్లో మేకలు కాసేవాళ్లని ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుంది. గల్లాబాన్ అంటే గొల్ల కులం అయితే ఆ గడిలో ఆ మాట ఉండదు. ఈ కేసులో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఆ ఒక్క వరుసనే.

ఏం రాశాను, ఏం రాయలేదు

నివేదికలో అక్షరం అక్షరం విడదీసి చూపించాను. మడత విప్పి తీసిన ఫొటో, శీర్షికల పేజీ ఫొటో, ముస్లిం పిల్లవాడి వరుసలో పేర్లు కప్పేసి తీసిన ఫొటో జత చేశాను. హెడ్‌మాస్టరు అసలుతో సరిచూసి సంతకం పెట్టాడు. చివరి వాక్యం ఇది: 'ఇది వృత్తిని చెప్పే మాట. దీన్ని బట్టి ఆ కుటుంబం కులం ఏదని చెప్పడానికి వీలు లేదు.'

తండ్రికి ఆ వాక్యం నచ్చలేదు. "కురుమ అని ఒక్క మాట రాస్తే ఏం పోతది సారూ, మీకు తెలుసు గదా?"

నాకు తెలిసినా రిజిస్టరు ఆ మాట చెప్పడం లేదు. అందులో లేనిది నేను చేరిస్తే, మొదటి ఆయన చేసిన పనే నేనూ చేసినట్టు. నేను చదివినదాని వరకు నిలబడితే నా కాగితాన్ని ఎవరూ కొట్టేయలేరు. ఒక్క అడుగు ముందుకేసి కులం చెప్తే, ఈయనకు కులం చెప్పే అధికారం ఎక్కడిదన్న ఒక్క ప్రశ్నతో మొత్తం నివేదిక పక్కకు పోతుంది. ఈ కాగితం పని అడ్డు తీయడం వరకే, దారి వేసే కాగితం ఇంకోటి వెతకాలి అని చెప్పాను.

హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కూడా అడిగి చూశాం. ఆ ఊరి బడికి సంబంధించి ఏమీ దొరకలేదు. భూమి రికార్డుల్లో తాత పేరుంది, కులం లేదు.

దారి నాయనమ్మ చూపించింది. ఆమెను కులం గురించి అడిగితే బీరప్ప గుడి, ఒగ్గు పూజారి, కల్యాణం, ఇవే చెప్తోంది. అవి నిజాలే, కానీ వాటితో కాగితం పుట్టదు. ఇంట్లో ఇంకెవరు చదువుకున్నారని అడిగాను. "మా చిన్న మరిది మేనమామ ఊర్ల చదివిండు బిడ్డా. వానలు ఎత్తిపోయినంక మంద తోలుకొని మేం ఏటి దిక్కు పోతుంటిమి. పిల్లగాన్ని ఎంబడి తిప్పితే సదువేడొస్తదని ఆడ ఇడిసిపెడ్తిమి" అంది.

గొర్రెల వలస తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. ఎండాకాలం మంద ఏటి గట్లకో కాల్వ కింది పొలాలకో పోతుంది. రాత్రిపూట రైతు పొలంలో మంద పెడితే ఎరువు రైతుకు, గింజలు కాపరికి. తొలకరికి మళ్లీ ఊరు. ఆ కొన్ని నెలలు పిల్లలు మేనమామ ఇంట్లోనో అమ్మమ్మ ఇంట్లోనో ఉంటారు. కాబట్టి కాపరి కుటుంబం కాగితాలు సొంత ఊళ్లో వెతికితే సగమే దొరుకుతాయి. ఇన్నాళ్లూ వీళ్లు తమ ఊరి బడి దాటి చూడలేదు.

మేనమామ ఊరు పక్క మండలంలో ఉంది. అక్కడి రిజిస్టరు 1956 తర్వాతిది, తెలుగులో ఉంది, దాంట్లో కులానికి వేరే గడి ఉంది. తాత తమ్ముడి పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, పక్కన 'కురుమ'. దానికి నా చదువుతో పనే లేదు. సర్టిఫైడ్ నకలు తీసుకుని, తాతా ఆయనా ఒక తండ్రి పిల్లలేనని రెండు రిజిస్టర్లలో తండ్రి పేరు పక్కపక్కన పెట్టి చూపించాం.

తర్వాత ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఊరికి వచ్చి విచారణ చేశాడు. ఇరుగుపొరుగు వాంగ్మూలాలు తీసుకున్నాడు. నాయనమ్మ పాత నల్ల గొంగడి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నల్ల గొర్రెల బొచ్చు కత్తిరించి, వడికి, నేసి, చింతగింజల గంజి పెట్టి ఆరబెట్టేవాళ్లమని చేతులతో చేసి మరీ చెప్పింది. పంచనామాలో ఆ గొంగడి సంగతి కూడా రాశాడట. గొంగడి నేత కురుమల పని కాబట్టి అది తోడుగా పనికొచ్చింది. దాన్ని మాత్రమే పట్టుకుని పోతే పనయ్యేది కాదు.

సర్టిఫికెట్ కురుమ, బీసీ-బి అని వచ్చింది. అప్పటికి మొదటి విడత కౌన్సెలింగ్ అయిపోయింది. అమ్మాయి రెండో విడతలో సీటు తెచ్చుకుంది, కోరుకున్న బ్రాంచి కాదు.

ఇప్పుడు నేను చూసే పద్ధతి

మొదటి తర్జుమా చేసిన ఆయన్ను తప్పు పట్టాలని నాకు లేదు. ఆయన సర్వీసంతా నల్గొండ వైపు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి లింగమంతుల జాతరకు గొల్లలు ఎంతగా వస్తారో తెలిసినవాళ్లకు, అక్కడ మంద కాసేవాడంటే ముందు ఏ కులం గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. గల్లాబాన్‌ను గొల్ల అని రాసినా అక్కడ చాలాసార్లు సరిపోయి ఉంటుంది, ఎవరూ వచ్చి అడగలేదు. అలా చేతికి అలవాటైన చదువు పాలమూరు కురుమ ఇంట్లో పట్టుబడింది అనుకుంటున్నాను.

ఈ కేసు తర్వాత కాపరులకు సంబంధించిన మాట ఏది కనపడినా ముందు అది ఏ గడిలో ఉందో రాసుకుంటున్నాను, ఆ తర్వాతే మాట. చర్వాహా అంటే మేపేవాడు, అది పని. గడరియా ఉత్తరాదిలో గొర్రెల కాపరుల కులం పేరు, కానీ ఉర్దూ చదువుకున్న గుమాస్తా దాన్ని ఉట్టి గొర్రెల కాపరి అనే అర్థంలోనూ రాసేస్తాడు. ధనగర్ మరాఠీలో కాపరుల కులం పేరు. మరాఠ్వాడా కూడా నిజాం రాజ్యంలోనే ఉండేది కదా, ఆ మాట మన కాగితాల్లోకీ వచ్చింది. తెలుగు ఊళ్లో ఖౌమ్ (జాతి, కులం) అనే గడి కింద ధనగర్ అని కనపడితే, గుమాస్తా తనకు తెలిసిన పేరు పెట్టాడా, లేక ఆ కుటుంబం నిజంగానే మరాఠీ వైపు నుంచి వచ్చిందా అని చూస్తాను. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లో అడుగుతాను. తర్జుమాలో ధనగర్‌ను ధనగర్ అనే ఉంచుతాను, కురుమ అని మార్చను.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. శీర్షిక కనపడని జిరాక్స్ తెస్తే తర్జుమా చేయను. దీనివల్ల కొంతమంది వేరేవాళ్ల దగ్గరికి పోతున్నారు, పోనీ.

అమ్మాయి సర్టిఫికెట్ సంగతి ఊళ్లో పాకాక, అదే పేజీలో పేరున్న ఇంకో ఇంటివాళ్లు వచ్చారు. వాళ్ల తాత పేరు పక్కనా గల్లాబాన్ అనే ఉంది. వాళ్లు గొల్లలు, యాదవ అని సర్టిఫికెట్ కావాలి, పాత కాగితం కనుక బలంగా ఉంటుందని ఆశ. ఆ పేజీ మీకూ పనికిరాదని చెప్పి, మీ తాత తమ్ముళ్లు ఎక్కడ చదువుకున్నారని అడిగాను. ఇంటికి పోయి పెద్దమ్మను అడిగి చెప్తామన్నారు.